రోజు లెక్కలో కనపడని ఓటీ: ఫాస్ట్‌ఫుడ్ కార్మికులు వారం గంటలు ఎందుకు లెక్కేసుకోవాలి

2025లో ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టాన్ని సవరించి రోజు పని పరిమితిని 8 గంటల నుంచి 10 గంటలకు పెంచారు. పని చేసేవాళ్ల దాకా ఆ వార్త ఒక్క ముక్కగానే చేరితే నష్టం వాళ్లదే. పది గంటల లోపు చేస్తే ఓటీ (ఓవర్‌టైం, అంటే అదనపు గంటలకు ఇచ్చే డబ్బు) రాదన్నది సగం సమాచారం. రెండో సగం ఏమిటంటే, వారానికి 48 గంటల పరిమితిని ఎవరూ ముట్టుకోలేదు. కర్నూలు, అనంతపురం, కడప ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లలో, బ్రాండెడ్ పిజ్జా, చికెన్ షాపుల్లో పనిచేసేవాళ్లకు రావలసిన ఓటీ డబ్బంతా ఈ రెండో సగంలోనే ఉంది.

రోజుకు పదేసి గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 60 గంటలు. ఏ ఒక్క రోజూ పది దాటలేదు కాబట్టి రోజు లెక్కలో ఓటీ సున్నా. వారం లెక్కలో 12 గంటలు. నాలుగు రోజులు పదేసి గంటలు చేసినవారికి ఐదో రోజు ఎనిమిది గంటలు పూర్తవగానే 48 నిండిపోతుంది. అక్కడి నుంచి ప్రతి గంటా ఓటీయే.

మాల్‌లోని చికెన్ షాపు ఒకదాన్ని తీసుకుందాం. మంగళవారం వీక్ ఆఫ్. సోమ, బుధ, గురువారాలు తొమ్మిదేసి గంటలు, రద్దీ ఉండే శుక్ర, శని, ఆదివారాలు పదేసి గంటలు. మొత్తం 57. షిఫ్ట్ చార్ట్ చూస్తే అంతా చట్టప్రకారమే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ వారానికి 9 గంటల ఓటీ రావాలి. జీతం నెలకు 15,600 అనుకుంటే ఆ తొమ్మిది గంటల విలువ 1,350 రూపాయలు. ఏడాదికి 50 వారాలు పనిచేస్తే 67,500. మూడేళ్లకు 2,02,500. ఇంత డబ్బు పోతున్నట్టు ఆ షాపులో చాలామందికి తెలియకపోవడానికి కారణం, ఏ రోజుకారోజు చూసుకుంటే ఏమీ పోయినట్టు అనిపించకపోవడమే.

ఏ చట్టం ఏం చెబుతోంది

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు (పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం చేసిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చాయి. ఓటీ విషయంలో పనికొచ్చేవి రెండు. మొదటిది 2019 నాటి వేతనాల కోడ్. దీనికి సిబ్బంది సంఖ్యతో పని లేదు. ఇద్దరు హెల్పర్లున్న నూడుల్స్ బండికీ వర్తిస్తుంది, ఇరవై శాఖలున్న కంపెనీకీ వర్తిస్తుంది. మామూలు పనిదినానికి మించి చేసిన ప్రతి గంటకూ, గంటలో భాగానికీ, మామూలు రేటుకు రెట్టింపు తగ్గకుండా ఇవ్వాలని 14వ సెక్షన్ అంటోంది. "గంటలో భాగానికి" అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. నలభై నిమిషాలు ఆలస్యంగా వదిలితే ఆ నలభై నిమిషాలకూ డబ్బు రావాలి. గంట పూర్తి కాలేదని కొట్టేయడానికి లేదు.

రెండోది 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. పది మంది, అంతకు మించి పనిచేసే చోట ఇది వర్తిస్తుంది. ఇందులో 27వ సెక్షన్ కార్మికుడి చేతికి రెండు ఆయుధాలిస్తుంది. ఓటీని రోజు వారీగా లెక్కించాలా, వారం వారీగా లెక్కించాలా అన్న ప్రశ్న వస్తే, ఏది కార్మికుడికి ఎక్కువ లాభమో ఆ లెక్కే తీసుకోవాలి. పైగా, కార్మికుడు ఒప్పుకుంటేనే ఓటీ చేయించాలి. "ఈ రోజు క్లోజింగ్ నువ్వే చెయ్యాలి, లేకపోతే రేపు రావద్దు" అన్నది ఒప్పుకోవడం కిందికి రాదు. ఇదే కోడ్ 25వ సెక్షన్‌లో రోజు పనిని 8 గంటలుగానే రాసింది. రాష్ట్ర సవరణ 10 అంటున్నా, ఈ 8ని వాదనలో వదులుకోకూడదు.

పది మంది కన్నా తక్కువ ఉన్న రోడ్డు పక్క సెంటర్లలో వాదన కాస్త కష్టం. అక్కడ 27వ సెక్షన్ దొరకదు. వేతనాల కోడ్ రెట్టింపు రేటు, దుకాణాల చట్టంలోని 48 గంటల వారం, ఈ రెండింటినీ కలిపి చూపించాలి. అర్జీ రాసేటప్పుడు రెండూ పేరుపెట్టి రాయాలి. ఒక్కదాన్నే రాస్తే అవతలివాళ్లు రెండోదాన్ని అడ్డం పెట్టుకుంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల వీడియోలు చూసి "ఒకటిన్నర రెట్లు" అడిగేవాళ్లున్నారు. అది అక్కడి 1938 నాటి చట్టం. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు. ఇక్కడ 48 దాటితే రెట్టింపు. అడగాల్సింది రెట్టింపే. కోవిడ్ కాలంలో గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీలకు ఈ రెట్టింపు నుంచి మినహాయింపునిస్తూ నోటిఫికేషన్ తెస్తే, 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మహమ్మారి పేరుతో ప్రభుత్వమే తప్పించుకోలేని బాధ్యతను "వ్యాపారం డల్‌గా ఉంది" అంటూ ఓ షాపు తప్పించుకోలేదు.

డ్యూటీ ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ముగుస్తుంది

గంటల లెక్కలో అసలు గొడవంతా రెండు చివర్లలోనే. ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ బోర్డు మీద సాయంత్రం 5 నుంచి రాత్రి 11 అని ఉంటుంది. కానీ ఫ్రైడ్ రైస్‌కు అన్నం మధ్యాహ్నమే వండి పళ్లాల్లో పరిచి ఆరబెట్టాలి. వేడన్నం కడాయిలో వేస్తే మెతుకు విడకుండా ముద్దవుతుంది. నూడుల్స్ ఉడకబెట్టి, వార్చి, నూనె పట్టించాలి. క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు తరగాలి. చికెన్ కడిగి మసాలా కలిపి నానబెట్టాలి. ఈ పనులన్నీ రెండు గంటలకు మొదలైతే డ్యూటీ కూడా రెండు గంటలకే మొదలైనట్టు. సాయంత్రం షాపు తెరిచి స్టవ్ వెలిగించిన టైం కాదు, మధ్యాహ్నం పొయ్యి మీద అన్నం పెట్టిన టైం రాసుకోవాలి.

అటు చివర ఇంకా దారుణం. చివరి పార్సిల్ పోయాక కడాయి గీకాలి, ప్లేట్ల తొట్టి కడగాలి, సిలిండర్లు లోపల పెట్టాలి, టార్పాలిన్ కట్టాలి. బ్రాండెడ్ షాపులో ఫ్రయ్యర్ ఆపి, నూనె చల్లారాక వడగట్టి, ఫ్రయ్యర్ లోపల రుద్ది, నేల కడిగి, క్యాష్ ట్యాలీ చేసేసరికి గంట, గంటన్నర పడుతుంది. కొన్నిచోట్ల థంబ్ (హాజరు మెషీన్‌లో వేలిముద్ర) ముందే వేయించి, ఆ తర్వాత ఈ పని చేయిస్తారు. మెషీన్‌లో 11 గంటలకు వెళ్లిపోయినట్టు ఉంటుంది, మనిషి మాత్రం పన్నెండున్నరకు షట్టర్ కింద నుంచి బయటపడతాడు. రోజుకు గంటన్నర చొప్పున ఆరు రోజులు అంటే తొమ్మిది గంటలు. ఒక్క క్లోజింగ్ వల్లే వారానికి మరో పనిదినం పైగా పోతోంది. థంబ్ రికార్డుతో సరిపోదు, దాని పక్కన మరో ఆధారం ఉండాలి.

టిఫిన్ సెంటర్లది వేరే చిక్కు. పొద్దున ఐదింటికి ఉగ్గాని, బజ్జీ, దోశలతో మొదలై పదకొండుకు మూస్తారు. మళ్లీ సాయంత్రం ఐదు నుంచి పది దాకా. మధ్యలో ఆరు గంటలు ఖాళీ. ఆ ఖాళీలో మనిషి ఇంటికి పోయి పడుకోగలిగితే అది విశ్రాంతి, పనిలోకి రాదు. అక్కడే ఉండి పిండి రుబ్బించుకు రమ్మన్నా, బంగాళదుంపలు తొక్క తీయమన్నా, కౌంటర్ దగ్గర కూర్చోమన్నా అది పనే. విశ్రాంతి టైం అని జీతంలోంచి అరగంట తీసేస్తున్న షాపుల్లో, ఆ అరగంటలో తింటూ తింటూ ఆర్డర్లు కట్టినట్టయితే దాన్నీ కలపాలి.

రేటు ఎలా కట్టాలి

నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజు వేతనం. దాన్ని 8తో భాగిస్తే గంట వేతనం. దానికి రెట్టింపు ఓటీ. 15,600ను 26తో భాగిస్తే 600, ఎనిమిదితో భాగిస్తే 75, రెట్టిస్తే 150. ఇందులో మూడు చోట్ల కోత పడుతుంది.

మొదటిది 30తో భాగించడం. అప్పుడు రోజుకు 520, గంటకు 65, ఓటీ 130. గంటకు 20 రూపాయలు తక్కువ. నెలలో నాలుగు వీక్ ఆఫ్‌లు ఉన్నప్పుడు జీతం 26 పనిదినాలకు ఇస్తున్నారు కాబట్టి భాగించాల్సింది 26తోనే. రెండోది, రోజు పరిమితి పదికి పెరిగింది కదా అని 10తో భాగించడం. అలా చేస్తే గంటకు 60, ఓటీ 120 అవుతుంది. వారానికి 48, ఆరు పనిదినాలు, అంటే రోజుకు 8. గంట రేటుకు మూలం అదే. మూడోది బేసిక్ (మూల వేతనం) ఆట. జీతాన్ని ముక్కలు చేసి బేసిక్ చిన్నది చేసి, అలవెన్సులు పెద్దవి చేసి, ఓటీ బేసిక్ మీదే కడతారు. వేతనాల కోడ్ ప్రకారం మినహాయించదగ్గ అలవెన్సులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటినంతా తిరిగి వేతనంలో కలపాల్సిందే. ఎలా చూసినా ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కన్నా తక్కువ మొత్తం మీద ఓటీ లెక్క కట్టడం కుదరదు. ఆ కనీస వేతనంలోని కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1కి, అక్టోబర్ 1కి మారుతుంది. కాబట్టి నిరుటి కాగితం చూసి లెక్క వేసుకోవద్దు. పాత కనీస వేతనాల చట్టం కింద కూడా, మామూలు రేటంటే చేతికి నిజంగా వస్తున్న రేటేనని 1972లో మామర్డే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రోజు కూలీ మీద ఉండే వంట మాస్టర్లకు, హెల్పర్లకు లెక్క ఇంకో రకం. రోజుకు 600 ఇచ్చి, వీక్ ఆఫ్ లేకుండా ఏడు రోజులూ పదేసి గంటలు చేయిస్తున్నారనుకుందాం. మొత్తం 70 గంటలు, ఓటీ 22. రెట్టింపు రేటు 150 చొప్పున 3,300. ఏడో రోజుకు ఇచ్చిన 600 అందులోదే కాబట్టి తీసేయాలి. బకాయి వారానికి 2,700. ఈ తీసివేత చేయకుండా 3,300 రాస్తే, అవతలి పక్షం ఆ ఒక్క తప్పును పట్టుకుని మొత్తం లెక్కనే అనుమానంలోకి నెడుతుంది. ఇచ్చింది ఇచ్చినట్టు చూపించాలి.

"నీ జీతం పది గంటలకే మాట్లాడుకున్నాం" అన్నది తరచూ వినిపించే సమాధానం. వేతనాల కోడ్ కింద రావలసిన మొత్తాన్ని వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా, ఆ మేరకు ఆ ఒప్పందం చెల్లదని అదే కోడ్ 60వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. ఓటీకి బదులు భోజనం పెడుతున్నాం, గది ఇచ్చాం అనడమూ సమాధానం కాదు. ఓటీ డబ్బుగా రావాలి. ప్లేట్లు పగిలాయని, క్యాష్ తగ్గిందని కోసుకునే ముందు కార్మికుడి మాట వినాలి. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. జరిమానా అయితే ఆ జీతకాలపు వేతనంలో 3 శాతం లోపే.

ఆధారాలు

బకాయి చెల్లించామని నిరూపించుకోవాల్సిన భారం యజమానిదేనని వేతనాల కోడ్ 59వ సెక్షన్ అంటోంది. దీన్ని తప్పుగా అర్థం చేసుకుని చేతులు కట్టుకు కూర్చోకూడదు. డబ్బు ఇచ్చామన్నది ఆయన నిరూపించాలి. అన్ని గంటలు పనిచేశామన్నది ముందు మనం చూపించాలి. రిజిస్టర్లు రాయడం, జీతం స్లిప్ ఇవ్వడం యజమాని విధి. అవి లేవంటే అది ఆయనకే వ్యతిరేకంగా పోతుంది. కానీ మన చేతిలో ఏదో ఒకటి ఉన్నప్పుడే ఆ మాట నిలబడుతుంది.

చిన్న నోటుబుక్కు చాలు. తేదీ, వచ్చిన టైం, పోయిన టైం, విశ్రాంతి ఎంత, ఆ రోజు చివరి పని ఏమిటి. ఏ రోజుది ఆ రోజే రాయాలి. ఒకే పెన్నుతో, ఒకే రాతతో నెల మొత్తం ఒక్కసారి రాసిన పుస్తకాన్ని అధికారి ఇట్టే గుర్తుపడతారు. దానికి తోడుగా వాట్సాప్ గ్రూపులో పెట్టే షిఫ్ట్ చార్ట్ స్క్రీన్‌షాట్లు, "ఈ రోజు క్లోజింగ్ ఎవరు" అన్న మెసేజ్‌లు, ఫోన్‌లోని లొకేషన్ టైమ్‌లైన్, జీతం ఫోన్‌పే ద్వారా వచ్చిన రికార్డు. చివరి ఆర్డర్ బిల్లు మీద టైం ఉంటుంది. రోజూ కాకపోయినా వారానికి ఒకటి ఫొటో తీసిపెట్టుకుంటే 11:50కి కూడా వంట నడుస్తోందని చూపించొచ్చు. సీసీ కెమెరా ఫుటేజీ కొన్నాళ్లకే చెరిగిపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకోకుండా, అర్జీలోనే ఆ ఫుటేజీ భద్రపరచమని అడగాలి.

ఫ్రాంచైజీ షాపుల్లో మరో చిక్కుంది. యూనిఫాం మీద ఒక పేరు, జీతం వేసేది మరో పేరు. అర్జీ తప్పు పేరు మీద పెడితే నెలలు పోతాయి. బిల్లు కింద చూస్తే జీఎస్టీ నంబరు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు, వాటితో పాటు అసలు సంస్థ పేరు ఉంటాయి. కౌంటర్ వెనక గోడకు తగిలించిన లైసెన్సు మీద కూడా అదే. ఆ రెండూ ఫొటో తీసుకుంటే యజమాని ఎవరో తేలిపోతుంది. కాంట్రాక్టర్ ద్వారా చేరినవాళ్లు కాంట్రాక్టర్ పేరు, షాపు సంస్థ పేరు రెండూ రాయాలి. జీతం ఇవ్వాల్సినవాడు ఎగ్గొడితే, ఆ సంస్థ యజమాని అయిన కంపెనీ లేదా ఫర్మ్ మీద బాధ్యత పడుతుందని కోడ్‌లో ఉంది.

అప్రెంటిస్, ట్రైనీ అని రాసినంత మాత్రాన ఓటీ హక్కు పోదు. చట్టప్రకారం రిజిస్టరైన అప్రెంటిస్ అయితే, అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా అసలు ఓటీ చేయించకూడదు. రిజిస్ట్రేషనే లేకపోతే ఆ పిల్లవాడు అందరిలాగే ఉద్యోగి. షిఫ్ట్ మేనేజర్ల విషయం కూడా ఇంతే. వేతనాల కోడ్‌లో ఉద్యోగి అంటే సూపర్‌వైజరూ, మేనేజరూ కలిసే ఉన్నారు. వృత్తి భద్రత కోడ్‌లో మాత్రం నెలకు 18,000 మించి తీసుకునే సూపర్‌వైజర్లు కార్మికుల కిందికి రారు. కాబట్టి వాళ్లు వేతనాల కోడ్ మీదే నిలబడాలి. షాపు పేరోల్ మీద ఉండి పిజ్జా మోసే డెలివరీ బాయ్ ఉద్యోగి, ఓటీ వస్తుంది. యాప్‌లో లాగిన్ అయి ఆర్డర్లు ఎత్తేవాళ్లకు ప్రస్తుత చట్టంలో ఓటీ లేదు. ఇది అన్యాయమే, కానీ ఆశపెట్టి కాళ్లరిగేలా తిప్పడం కన్నా ఉన్నదున్నట్టు చెప్పడం మేలు.

ఎక్కడికి, ఎప్పుడు

ముందు యజమానికి రాతపూర్వకంగా, వారం వారీ పట్టికతో, వాట్సాప్‌లో అయినా సరే అడగాలి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా కేంద్రంలోని కార్మిక శాఖ కార్యాలయం. పనిచేసిన చోటు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లాకే పోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ధర్మవరంలో పనిచేసినవారు శ్రీసత్యసాయి జిల్లాకు, నంద్యాలలో పనిచేసినవారు నంద్యాల జిల్లాకు వెళ్లాలి. సొంతూరు ఏదన్నది లెక్కలోకి రాదు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే రసీదు వస్తుంది, అది పనికొస్తుంది. కానీ అది కార్మిక శాఖలో వేసే క్లెయిముకు ప్రత్యామ్నాయం కాదు. రెండూ చేయాలి.

క్లెయిముకు గడువు మూడేళ్లు. పాత కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలే ఉండేది. ఇప్పటికీ చాలామంది ఆ ఆరు నెలల మాటే చెప్పి వెనక్కి పంపుతారు. అది పోయింది. ఉద్యోగి స్వయంగా వేయొచ్చు, రిజిస్టరైన యూనియన్ వేయొచ్చు, ఒకే షాపులో పనిచేసే అందరూ కలిసి ఒకే దరఖాస్తు పెట్టొచ్చు. కలిసి పెట్టడమే మంచిది. ఒక్కడు పెడితే ఒక్కడినే తీసేస్తారు. పైగా ఐదుగురి నోటుబుక్కులు ఒకే టైం చెబితే కాదనడం కష్టం. బకాయితో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం అధికారికి ఉంది. మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని కోడ్ చెబుతోంది. ఉత్తర్వు వచ్చాక కూడా యజమాని కట్టకపోతే భూమిశిస్తు బకాయిలాగా కలెక్టర్ ద్వారా వసూలు చేస్తారు. లాయర్ ఖర్చు భరించలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితి లోపు ఉన్నవారికి ఉచితం. ఫోన్ నంబరు 15100.

మానేసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. తీసేసినా, తానే మానేసినా రెండు పనిదినాల్లో మొత్తం లెక్క తేల్చి ఇవ్వాలన్నది చట్టం. ఆ సమయంలో "నాకు రావలసినవన్నీ ముట్టాయి, ఎలాంటి బకాయిలు లేవు" అన్న కాగితం ముందు పెట్టి, సంతకం చేస్తేనే చివరి నెల జీతం అంటారు. ఆ జీతం తీసుకోవచ్చు. కాగితం మీద చేతిరాతతో "ఓటీ బకాయి మినహా, ఇంత మొత్తం మాత్రమే అందింది" అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి, అక్కడే ఫొటో తీసుకోవాలి. అలా రాయనివ్వకపోతే సంతకం చేయకుండా బయటికి వచ్చి, అదే రోజు జరిగింది జరిగినట్టు ఓనరుకు మెసేజ్ పెట్టాలి. ఆ మెసేజ్ కూడా క్లెయిముకు జత చేసే కాగితాల్లో ఒకటి.